తండ్రి వాటా

“అన్నం చిమడబెట్టేశావు కదే సెలీ! మా వాడి బియ్యం పరువు తీసేశావు,” అంది నానై పాసింగ్, గరిటె అంచున నాలుగు మెతుకులు వెలుతురుకి పట్టి చూస్తూ.

అన్నం చిమడలేదు. ఆ బియ్యం ఎంత నీళ్లు తాగుతుందో, ఎప్పుడు మంట తగ్గించాలో అరసెలికి తెలిసినంతగా ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు. కానీ అందరూ నానై, అంటే అమ్మ, అని పిలిచే అత్తగారు చిమిడిందంటే చిమిడినట్టే. పైగా అది మామూలు బియ్యం కాదు. మకిలింగ్ కొండ కింద లోస్ బాన్యోస్ వ్యవసాయ కళాశాలలో కొత్త వంగడాలు పుట్టించే ప్రజననశాస్త్రం చెప్పే క్రిసాంతో, అంటే నానై పాసింగ్ ఏకైక పుత్రరత్నం, అంటే అరసెలి మొగుడు, పదేళ్లు పాటుపడి సృష్టించిన కొత్త వరి రకం. ప్రభుత్వం దాన్ని రైతులకి విడుదల చేసి వారం కాలేదు. ఆ సంబరానికే డిపార్టుమెంటు మొత్తం ఇంట్లో దిగింది. పొద్దున్నుంచి వంటింట్లో అరసెలి ఒక్కతే. పంది మాంసం, పాన్సిత్ సేమియా, చేప పులుసు, ముప్పై మందికి అన్నం.

ముందుగదిలో నవ్వులు పేలుతున్నాయి.

“కాన్పు తేలిగ్గానే అయిందా సాంతో?” అన్నారెవరో.

“తేలికా? పదేళ్లు మోశానయ్యా బాబూ! ఆ నొప్పులు మీకేం తెలుసు?” అన్నాడు క్రిసాంతో. ఇల్లు ఎగిరిపోయేలా నవ్వారు.

అరసెలి గంజి చెయ్యి గౌనుకి తుడుచుకుంది. పదేళ్లు మోశాడట. పెళ్లయిన కొత్తలో ఇతనే అన్నాడు, “క్రాసులు చెయ్యడానికి మనిషిని పెట్టుకునే స్తోమత మా ప్రాజెక్టుకి లేదు సెలీ. నీ వేళ్లు సన్నగా ఉంటాయి, నువ్వయితే చక్కగా చేస్తావు,” అని. వేళ్లు సన్నగా ఉన్నందుకు మురిసిపోయింది వెర్రిమొహం. వరి పువ్వు వడ్లగింజ కంటే పెద్దదేం కాదు. సాయంత్రం పూట దాని పొట్టు కొన కత్తిరించాలి, లోపలి ఆరు కేసరాల్నీ అడుగునున్న అండాశయం చిరగకుండా పట్టకారుతో తీసెయ్యాలి, కంకికి కాగితపు సంచి తొడగాలి. మర్నాడు పది దాటాక తండ్రి రకం పూత విచ్చుకుంటుంది, అదీ గంటా గంటన్నర. ఆ గంటలో తండ్రి కంకి తెచ్చి, తల్లి కంకి మీద పుప్పొడి దులపాలి. ఎండలో, వలగుడారం కింద, మెడ వంచుకుని. ఒక్క క్రాస్ అంటే అంత పని, అలా వందల కంకులు. ఈ కొత్త రకానికి తల్లి ఎవరో తండ్రి ఎవరో పుస్తకాల్లో ఎక్కింది. మంత్రసాని ఎవరో ఏ పుస్తకంలోనూ ఎక్కదు.

“అలా గోడకేసి చూస్తూ నిలబడ్డావేం? పాన్సిత్ చల్లారిపోతోంది,” అంది నానై.

“తెస్తున్నాను నానై.”

అరసెలి కూడా అదే కళాశాలలో చదువుతోంది, డాక్టరేటుకి. ఆ ముందుగదిలో కూర్చున్నవాళ్లలో సగంమంది ఆమెకి పాఠాలు చెప్పినవాళ్లే. కానీ పాన్సిత్ పళ్లెం పట్టుకొచ్చిన మనిషిని చదువు సంగతి అడగడం ఎవరికీ తోచదు కదా. “ఇంకొంచెం మిరపకాయలు వేయాల్సింది మిసెస్,” అన్నారు.

ఆమె చదివే చదువు ఇదీ. ఇద్దరన్నదమ్ముల్లో ఒకడు పొడుగూ ఒకడు పొట్టీ అయితే, రక్తం అని కొందరూ తిండి అని కొందరూ నోటికొచ్చినట్టు తేల్చేస్తారు. అలా తేల్చకుండా, ఒకే పంటకి చెందిన వందల మొక్కల్ని పక్కపక్క మళ్లలో వేసి, వాటి మధ్య తేడాలో విత్తనం వాటా ఎంత, నేలా నీరూ వాటా ఎంత అని లెక్క గట్టడం. విత్తనం వాటాని అనువంశికత అంటారు. అది పెద్దదైతే మంచి మొక్కని ఏరుకోవచ్చు, దాని పిల్లలూ మంచివే అవుతాయి. చిన్నదైతే ఏరి లాభం లేదు. మొదటి సంవత్సరం క్లాసులో ఒక మాట విని అరసెలి రాసుకోవడం ఆపేసింది. నేల మరీ చెడ్డదైతే మంచి విత్తనమూ చెడ్డ విత్తనమూ ఒక్కలాగే కనిపిస్తాయట, విత్తనం వాటా లెక్కలోంచి మాయమైపోతుందట. ఎవరో తన ఇంట్లోకి తొంగిచూసి వచ్చి పాఠం చెబుతున్నట్టనిపించింది. 

“ముందు నా డాక్టరేటు అవనీ, తర్వాత నీదే,” అన్నాడు క్రిసాంతో పెళ్లప్పుడు. అతనిది ఆరేళ్లు పట్టింది. అందులో క్రాసులు ఆమెవి, కోతలూ తూకాలూ ఆమెవి, లెక్కలు సగం ఆమెవి. తీరా అతనిది అయ్యాక నానై మోకాళ్ల నొప్పులతో ఊళ్లో ఇల్లమ్మి ఇక్కడికొచ్చేసింది. ఆ తర్వాత ఎప్పటికో అరసెలి వంతు వచ్చింది. ఆమె ఎంచుకున్నది రెండు రకాల జంట. తల్లి రకం మంచి దిగుబడిది. తండ్రి రకం నీళ్లు లేకపోయినా గింజ పాలుపోసుకునేది. చూడ్డానికి రెండూ కవలపిల్లలు. అదే ఎత్తు, అదే ఆకు, పూత కూడా ఒకేసారి. నీళ్లు ఆపేస్తే తప్ప తేడా బయటపడదు. ఈ ఇద్దరి పిల్లల్లో ఎండని తట్టుకునే గుణం ఎంతవరకు విత్తనంతో వస్తుందో తేలిస్తే, వాన మీద బతికే మెట్ట రైతులకి ఒక దారి దొరుకుతుంది. ఆ దారి తను వేయాలని అరసెలి ఆశ. చిన్న ఆశేం కాదు. ఆ ఇంట్లో ఆమెకున్న ఆశ అదొక్కటే.

క్రాసులు చెయ్యాల్సిన వారంలోనే ఆమెకి రక్తం కనిపించింది. ఎనిమిదో నెల. మంచం దిగితే బిడ్డ దక్కదంది డాక్టరు. పడుకుని పైకప్పుకేసి చూస్తూ, ఈ పూత పోతే మళ్లీ ఎన్నాళ్లకో అని కుమిలిపోతూ ఉంటే, క్రిసాంతో వచ్చి మంచం అంచున కూర్చున్నాడు. “ఏడవకు. నీ క్రాసులు నేను చేస్తాను. నా ప్రాజెక్టుకి నువ్వెన్ని చెయ్యలేదు?” అన్నాడు. నెల తిరిగి, కూతురు లిగాయా పుట్టిన నాలుగో రోజున, మామిడిపళ్ల సంచి పట్టుకుని ఆస్పత్రికొచ్చాడు. “గింజలు పడ్డాయి సెలీ, బాగా పడ్డాయి. నీకెందుకు శ్రమ అని నేనే నారు కూడా పోయించేశాను,” అన్నాడు. ఆమె అతని చెయ్యి పట్టుకుని భోరుమంది. “కన్న పిల్లని చూసి కూడా ఇంతలా మురిసిపోలేదు మా కోడలు,” అని దెప్పింది నానై. దెప్పితే దెప్పనీ. పెళ్లయ్యాక తన పని తను అడక్కుండా ఇంకొకరు చేసిపెట్టడం అదే మొదటిసారి. ఆ తర్వాత ఇంటి చాకిరీతో ఒళ్లు హూనమైనప్పుడూ, అత్తగారి మాటలు గొంతులో ముల్లులా దిగినప్పుడూ, ఆ మామిడిపళ్ల సాయంత్రాన్నే బయటికి తీసి చూసుకునేది. నా మొగుడు అందరిలాంటివాడు కాదు, ఒక్కసారైనా కాదు, అనుకునేది. సంసారం నిలబెట్టుకోవడానికి మనిషికి అంతకంటే పెద్ద ఆధారం అక్కర్లేదేమో.

మొదటి తరం నారు అతనే నాటించాడు. ఆ గింజల నుంచి రెండో తరం, ఆ మొక్కల్లోంచి ఒక్కొక్కటీ ఒక కుటుంబంగా విడదీసి మూడో తరం. లిగాయాని నడుముకి కట్టుకుని నాట్లు వేయించింది, దగ్గుతో పిల్ల రాత్రంతా నిద్రపోనివ్వకపోతే పొద్దున కళ్లు మూసుకుపోతున్నా మళ్లు తిరిగింది. పిల్ల పెరుగుతున్నకొద్దీ నానై ఒకటే పాట, “ముక్కు నీదే, రంగు నీదే, ఆ మొండితనం కూడా నీదే. మా వంశం పోలిక వెతికినా లేదు.” వినీ వినీ అలవాటైపోయింది.

పొలం మాత్రం చూసినవాళ్లంతా మెచ్చుకున్నారు. ఒకనాడు నానై పిల్లనెత్తుకుని గట్టు మీదికొచ్చి, “జడ అల్లినట్టుందే!” అంది, నోరారా అన్న మంచిమాట అదొక్కటే. క్రిసాంతో నలుగురు విద్యార్థుల్ని తీసుకొచ్చి, “మా ఆవిడ పొలం చూడండి, ఒక్క మొక్క కూడా తల ఎత్తి పక్కదాన్ని మించదు,” అన్నాడు. అరసెలి సిగ్గుపడింది, సంతోషపడింది.

తప్పు అక్కడే జరిగింది. ఈ చదువు చదివినవాళ్లు తప్ప ఇంకెవరూ చెయ్యలేని తప్పు. రైతుకి సమంగా ఉన్న పొలం పండగ. ఇద్దరు వేరువేరు తల్లిదండ్రుల మనవలతో నిండిన మడి సమంగా ఉందంటే, ఎక్కడో ఏదో చచ్చిందన్నమాట. కవలల్లాంటి జంటకైనా మనవల్లో ఒకటి పొడుగు, ఒకటి తొందరగా పూతకొచ్చేది, ఒకటి ఎక్కువ పిలకలు వేసేది ఉండి తీరాలి. ఆ సంగతి అరసెలిని నిద్రలో లేపి అడిగినా చెబుతుంది. కానీ ఆమెని ఎవరూ నిద్రపోనిస్తే కదా. పొగడ్త అన్నది చెవినపడి ఎన్నేళ్లయిందో, విన్న చెవులు కళ్లని పనిచెయ్యనివ్వలేదు.

ఎండాకాలం పంటకి నీళ్లు ఆపేసింది. మధ్యమధ్య పోల్చి చూడ్డానికి తల్లి రకాన్నీ తండ్రి రకాన్నీ కూడా వేసింది. తండ్రి వరసలు పచ్చగా నిలబడ్డాయి. తల్లి వరసలు ఆకు చుట్టుకుని పడుకున్నాయి. ఆమె కుటుంబాలు, ఒక్కటి కూడా మిగలకుండా, ఆకు చుట్టుకున్నాయి. ఎండ మరీ ఎక్కువైందేమో అనుకుంది. ఒకటీ అరా నిలబడుతుందేమోనని రోజూ వెళ్లి చూసింది. నిలబడలేదు. కోసింది, తూచింది, అంకెలన్నీ కంప్యూటర్‌కి ఎక్కించింది.

విందు జరిగిన మర్నాడు ఆ లెక్క చేతికొచ్చింది. కుటుంబాల మధ్య తేడాలో విత్తనం వాటా అని ఉన్నచోట సున్నా కంటే తక్కువ ఉంది. తేడా అన్నది సున్నా కంటే తక్కువ ఉండదు, అలా వస్తే సున్నా అని రాసుకోమంటారు. చెయ్యి పొరపాటేమోనని అంకెలు మళ్లీ ఎక్కించింది. మళ్లీ అంతే. సగటులన్నీ పెద్దది నుంచి చిన్నదాకా వరసగా పేర్చి చూసింది. ఆ వరస నట్టనడుమ, తన కుటుంబాల మధ్య ఇంటిమనిషిలా కూర్చుని ఉంది తల్లి రకం. తండ్రి రకం ఎక్కడో పైన, ఒంటరిగా, వీళ్లతో నాకేం సంబంధం అన్నట్టుంది.

అప్పుడు తెలిసింది. ఇవి ఇద్దరి పిల్లలు కావు. అన్నీ తల్లే. క్రాస్ పడనేలేదు. సంచి తొడిగిన కంకులు తమ పుప్పొడితో తామే గింజ కట్టుకున్నాయి, వరి స్వభావం అదే కదా, అడ్డుకోకపోతే తన పని తను చేసేసుకుంటుంది. రెండున్నరేళ్లు పిల్లని నడుముకి కట్టుకుని ఆమె కొలిచిందంతా ఒకే ఒక్క మొక్కని.

ఆదివారం పొద్దున చర్చికి వెళ్లబోతూ క్రిసాంతో గడ్డం గీసుకుంటున్నాడు. అరసెలి కాగితం అద్దం పక్కన పెట్టింది.

అతను సబ్బు మొహంతోనే చదివాడు. “పొలం సరిగ్గా చూసుకుని ఉండవు,” అన్నాడు.

“పొలం కాదు సాంతో. క్రాస్ పడలేదు.”

కత్తి ఒక్క క్షణం ఆగింది. “పడకపోవచ్చు. అప్పుడప్పుడు జరుగుతుంది. కేసరం ఒకటి లోపల ఉండిపోయినా చాలు. నేనేమైనా కావాలని చేశానా? నా చేతులు నీ చేతులంత సన్నగా ఉండవు కదా.”

“ఒకటీ అరా తప్పితే సరే. అన్నీనా?”

“సంచిలో ఏం పడిందో నాకేం తెలుసు? గింజలు పడ్డాయి, నారు పోయించాను. సాయం చేసినందుకు ఇదన్నమాట నాకు దక్కేది.” నానై తలుపు దగ్గరికొచ్చి, “ప్రార్థనకి టైమవుతుంటే మొగుడితో తగువేంటి?” అంది. అతను గొంతు తగ్గించాడు, మెత్తగా అన్నాడు, “ఇలా చూడు. ఈ సెమిస్టరు దాటితే నీకు గడువు లేదు, రెండుసార్లు పొడిగించారు. క్రాస్ పడలేదని రాస్తే రాయడానికి నీ దగ్గర ఏమీ లేదు. పడిందనే రాయి. గట్టి ఎండలో ఈ జంట పిల్లల్లో విత్తనం వాటా సున్నా అని రాయి. సున్నా కూడా ఫలితమే. కమిటీ ఒప్పుకుంటుంది, నేను మాట్లాడతాను.”

నిజమే. ఒప్పుకుంటుంది. డిగ్రీ వస్తుంది. ఆ థీసిస్ చదివినవాళ్లంతా ఆ తండ్రి రకం దండగ అని పక్కన పడేస్తారు, మెట్ట రైతుల కోసం ఇక దాన్ని ఎవరూ ముట్టుకోరు, అంతే. అరసెలి చర్చిలో మోకాళ్ల మీద కూర్చుని ఈ రెండింటినీ తూచుకుంది. డిగ్రీ వైపే మొగ్గింది, అబద్ధమెందుకు. పాపం అతను ప్రయత్నమైతే చేశాడు, చేతకాలేదు, అని మొగుడిని క్షమించింది కూడా. క్షమించడం ఆమెకి అన్నం వార్చడమంత అలవాటు.

గైడు డాక్టర్ మాగ్సినో పెళ్లి చేసుకోని మనిషి. ఆమె వస్తే మగ ప్రొఫెసర్లు లేచి నిలబడతారు, వెళ్లాక కన్ను గీటుకుంటారు. ఆవిడ లెక్క చూసి, కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టింది.

“క్రాస్ ఎవరు చేశారు?”

“మా ఆయన, మేడమ్.”

“గింజలు నువ్వు చూశావా, నారు పొయ్యకముందు?”

“లేదు మేడమ్. అప్పుడే కాన్పయింది.”

ఆవిడ కళ్లద్దాలు మళ్లీ పెట్టుకుంది. “నేనేమీ అడగలేదు, నువ్వేమీ చెప్పలేదు. సున్నా అని రాసుకురా, సంతకం పెడతాను. ఇంతకంటే తక్కువ పనికి ఇక్కడ మగాళ్లు డాక్టర్లయి కూర్చున్నారు. నువ్వెందుకు పోగొట్టుకోవాలి?” అంది. తర్వాత ఇంకోమాట అంది, “అలా రాస్తే రాత్రుళ్లు నిద్ర పట్టదని మాత్రం అనుకోకు. పడుతుంది. నాకు పడుతోంది.”

రాద్దామనే కూర్చుంది అరసెలి. కానీ ఇంట్లో కూర్చోనిచ్చేదెవరు? క్రిసాంతో కొత్త క్రాసులు గింజ పండి ఉన్నాయి, తియ్యడానికి మనిషి లేదు. “నీ లెక్కలు ఎలాగూ అయిపోయాయి కదా, ఒక్క రెండు పూటలు,” అన్నాడు. వెళ్లింది. పోయిన నెల ఆ క్రాసులు చేసింది కూడా ఆమే. వలగుడారం కింద పీట వేసుకుని, ఒక్కొక్క సంచీ విప్పి, గింజలు అరచేతిలో దులుపుకుని కవర్లలో వేస్తోంది. అప్పుడే క్రిసాంతో కొత్త విద్యార్థుల్ని వెంటేసుకుని పాఠం చెబుతూ వచ్చాడు.

“ఇదిగో, ఇలా రండి. సెలీ, ఆ చెయ్యి చాపు,” అన్నాడు. చాపింది. అరచేతిలో నాలుగు గింజలు. పొట్టు సగం లేదు, కొన కత్తిరించినచోట లోపలి బియ్యపు గింజ బక్కచిక్కి, వంకరగా, బయటికి తేలి ఉంది. “చూశారా ఎంత అనాకారిగా ఉందో? పొట్టు కత్తిరించేశాం కదా, గింజకి ఒంటిమీద బట్ట ఉండదు. క్రాస్ పడిన గింజ ఇలాగే ఉంటుంది. పొట్టు నిండుగా, కొనతో సహా, సంతలో వడ్లలా నిగనిగలాడుతూ ఉందనుకోండి, అది క్రాస్ కాదు, ఎవడో కంకి ముట్టుకోకుండా ఉత్త సంచి తొడిగేశాడన్నమాట. దీనికి చదువక్కర్లేదు. గుడ్డివాడు చేత్తో తడిమినా చెబుతాడు.”

విద్యార్థులు నవ్వారు. అరసెలి తలెత్తి అతనికేసి చూసింది. అతను చూపు తిప్పుకున్నాడు. ఆ తర్వాత గొంతు కొంచెం పెంచి, పక్క వరస దగ్గరికి నడిచాడు.

ఆమె చెయ్యి చాపింది చాపినట్టే ఉండిపోయింది. గుడ్డివాడైనా చెబుతాడు. అయితే ఆ రోజు సంచులు విప్పినప్పుడు అతనికీ తెలిసింది. కాదు, అసలు ఒక్క పొట్టు కొన కూడా తను కత్తిరించలేదని అతనికి ముందే తెలుసు, గింజలు చూసి తెలుసుకోవాల్సిన పని కూడా లేదు. చేతకాకపోవడం కాదు, చెయ్యనేలేదు. ఆ వారం మనీలాలో ఏదో సభ ఉందన్నాడు కాబోలు. ఆ గింజలు తెచ్చి ఆమె చేతిలో పెడితే మంచం మీంచే ఒక్క చూపులో పట్టేసేది. అందుకని పెట్టలేదు. నీకెందుకు శ్రమ అని నారు పోయించేశాడు. మామిడిపళ్లు కొనుక్కొచ్చాడు. ఇన్నేళ్లూ ఏ సాయంత్రాన్నయితే దేవుడి పటంలా దాచుకుని చూసుకుందో, నా మొగుడు అందరిలాంటివాడు కాదని ఏ ఒక్కదాన్ని పట్టుకుని వేలాడిందో, అది అతను తప్పు కప్పెట్టుకున్న సాయంత్రం. తను అతని చెయ్యి పట్టుకుని ఏడుస్తుంటే ఆ మనిషి ఎలా కూర్చున్నాడు? మొహం ఎటు పెట్టాడు? ఎంత గుర్తు తెచ్చుకున్నా ఆ మొహం గుర్తుకు రాలేదు. లెక్కలో సున్నా చూసినప్పుడు రాని ఏడుపు, డిగ్రీ పోతుందన్నప్పుడు రాని ఏడుపు, ఆ మామిడిపళ్ల కోసం వచ్చింది. గింజలు తడవకుండా చెయ్యి పక్కకి పెట్టుకుని ఏడ్చింది. అయ్యాక మొహం తుడుచుకుని, మిగిలిన సంచులన్నీ విప్పి, కవర్ల మీద పేర్లు రాసి బల్ల మీద వరసగా పెట్టి వచ్చింది. పని సగంలో వదలడం ఆమెకి చేతకాదు. ఆ గుణం విత్తనమో నేలో ఆమెకే తెలియాలి.

రెండు రోజుల తర్వాత డాక్టర్ మాగ్సినో ముందు రెండు పేజీలు పెట్టింది.

మేడమ్ చదివింది. మళ్లీ చదివింది. “క్రాస్ జరగలేదు, ఈ కుటుంబాలన్నీ తల్లి రకమే, తండ్రి రకం గురించి ఈ పని వల్ల ఏమీ తెలియదు, దాన్ని మళ్లీ పరీక్షించాలి... ఇది థీసిస్ కాదు సెలీ. ఇది ఇచ్చాక నీకు ఇక్కడ స్థానం లేదు. తెలుసా?”

“తెలుసు మేడమ్.”

“ఎవరి కోసం ఇదంతా? ఆ మెట్ట రైతులకి నువ్వెవరో కూడా తెలియదు.”

“నాక్కూడా వాళ్లు తెలియదు మేడమ్. కానీ ఆ తండ్రి రకం ఏ తప్పూ చెయ్యలేదు. అది పనికిరాదని నా చేత్తో ఎలా రాయను? అబద్ధం మీద ఒకసారి బతికేశాను మేడమ్. ఇంకోటి మొయ్యలేను.”

మేడమ్ పెన్ను తీసి, క్రాస్ చేసినది ఫలానా అని ఉన్నచోట క్రిసాంతో పేరు మీద సన్నగా గీత గీసింది. “ఇది ఉంటే కమిటీ దీన్ని ముట్టుకోదు, మొగుడూ పెళ్లాల గొడవని చెత్తబుట్టలో వేస్తుంది. పేరు లేకపోతే కనీసం ఒక ఫైల్లో ఉంటుంది. గింజలు సరిచూసుకోవాల్సిన బాధ్యత విద్యార్థినిది. నియమం అదే. తప్పు నీ పేరు మీదే ఉంటుంది.” ఆవిడ కళ్లు ఎర్రబడ్డాయి, గొంతు మాత్రం మామూలుగానే ఉంది. “నన్ను తిట్టుకో, ఫర్వాలేదు.”

అరసెలి తిట్టుకోలేదు. తిట్టుకునే ఓపిక కూడా లేదు. ఇంతా చేస్తే ఆ నిజంలో కూడా అతను లేకుండా పోయాడు, అంతే.

బయట చింతచెట్టు నీడలో క్రిసాంతో జీపు ఆపుకుని ఉన్నాడు. ఎన్నడూ లేనిది ఆమె కోసం వచ్చాడు. ఆమె మెట్లు దిగుతుంటే నాలుగంగల్లో ఎదురొచ్చాడు.

“ఏమైంది? నా పేరు ఉందా?”

డిగ్రీ సంగతి అడగలేదు. ఆమె అతని మొహంకేసి చూసింది. ఎంతకీ గుర్తుకు రాని ఆ ఆస్పత్రి సాయంత్రపు మొహం ఇదే అయి ఉంటుంది.

“లేదు. నీ వాటా సున్నా.”

“అమ్మయ్య!” అన్నాడు, ఆమె భుజం తట్టాడు. “నువ్వు మంచిదానివి సెలీ, నాకు తెలుసు. పోతే పోయింది వెధవ డిగ్రీ, మనింట్లో ఒకటుంది చాలు. నానై కూడా అదే అంది, ఇంక పిల్లని చూసుకుంటావని. ఆ... అన్నట్టు రేపటి నుంచి కొత్త బ్యాచ్ క్రాసులు మొదలు. ఈ కుర్రాళ్లకి పట్టకారు పట్టుకోవడం కూడా రాదు. నువ్వు రేపొచ్చావంటే...”

“రాను.”

“ఒంట్లో బాలేదా?”

“బానే ఉంది. రాను సాంతో. రేపే కాదు, ఎప్పుడూ రాను.”

అతను నవ్వాడు. కోపం తగ్గని భార్యని చూసి తెలివైన మొగుళ్లు నవ్వే నవ్వు. “సరేలే, పొద్దున చూద్దాం. ఎక్కు, నానై ఎదురుచూస్తూ ఉంటుంది,” అని జీపు వైపు నడిచాడు. విడాకులు లేని దేశం. వెళ్లడానికి ఇంకో ఇల్లు లేదు. లిగాయాకి అన్నం పెట్టే వేళవుతోంది. అరసెలి వెళ్లి జీపెక్కింది. దారంతా అతను వచ్చే పంట గురించి మాట్లాడుతూనే ఉన్నాడు, ఆమె ఒళ్లో చేతులు పెట్టుకుని కూర్చుంది. పదేళ్లుగా పూతవేళకి తమంతట తామే లేచి వెళ్లిపోయే చేతులవి. మొగుడి మాట కాదనడానికి ఆమెకి భయం లేదిప్పుడు. రేపు పొద్దున పది దాటాక, ఈ చేతులు తన మాట వింటాయో లేదోనన్నదే భయం.